ఊరి సైగలను బడి గేటు దగ్గర ఆపకండి

గౌరవనీయులైన తెలంగాణ పాఠశాల విద్యాశాఖ, సమగ్ర శిక్షా అధికారులకు. వరంగల్, హనుమకొండ, ములుగు, జయశంకర్ భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ, కరీంనగర్, జగిత్యాల జిల్లాల కలెక్టర్లకు నమస్కారం.

నేను హనుమకొండ జిల్లాలో ఒక ప్రాథమిక పాఠశాల టీచర్ని. పుట్టి పెరిగింది పరకాల దిక్కు ఒక పల్లెలో. మా చిన్నమ్మకు పుట్టుకతోనే చెవులు వినపడవు. మా ఇంట్లోనూ మా వాడలోనూ తెలుగు ఎట్లనో సైగలు కూడా అట్లనే, ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే వచ్చాయి. అందుకే ఈ విషయం మీకు రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను.

చెవులు వినపడని పిల్లలకు భారతీయ సంజ్ఞా భాష నేర్పించాలని మీరు చేస్తున్న ప్రయత్నానికి నా పూర్తి మద్దతు ఉంది. నేను అడిగేది ఒకటే. ఆ భాషను ఆ పిల్లకు ఒక్కదానికే నేర్పి ఊరుకోకండి. పిల్ల చుట్టూ ఉండే వినే జనానికి కూడా నేర్పండి. నేర్పేముందు ఆ ఊళ్లో ఇప్పటికే ఏ సైగలు నడుస్తున్నాయో చూడండి, వీడియో తీసి పెట్టండి, వాటిని పట్టుకుని కొత్తవి నేర్పండి.

ఇది నా సొంత కోరిక కాదు. 2020 జాతీయ విద్యా విధానం 4.22 పేరాలో భారతీయ సంజ్ఞా భాషను దేశమంతటా ప్రామాణికం చేసి, జాతీయ స్థాయిలోనూ రాష్ట్రాల్లోనూ పాఠ్య సామగ్రి తయారు చేయాలని ఉంది. ఆ వెంటనే ఇంకో వాక్యం ఉంది. వీలున్న చోట, అవసరమున్న చోట స్థానిక సంజ్ఞా భాషలను గౌరవించాలి, నేర్పాలి కూడా అని. మొదటి వాక్యం మీద పని బాగానే సాగుతోంది. 2015లో ఢిల్లీలో ఏర్పడిన భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2018లో 3,000 పదాలతో నిఘంటువు తెచ్చింది. 2021 నాటికి అది 10,000 పదాలైంది. పాఠ్యపుస్తకాలను సైగల్లోకి తేవడానికి 2020లో జాతీయ స్థాయి పాఠ్యపుస్తకాల సంస్థ అయిన ఎన్‌సీఈఆర్‌టీతో ఒప్పందం కుదిరింది. 2021లో ఎన్‌ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక పాఠశాల విద్యా సంస్థ) భారతీయ సంజ్ఞా భాషను పదో తరగతి స్థాయిలో ఒక భాషా సబ్జెక్టుగా పెట్టింది. దేశంలోని బధిరులు ఏండ్ల తరబడి కొట్లాడి తెచ్చుకున్న ఫలితాలివి. రెండో వాక్యం మీద మాత్రం మా మండలంలో గానీ, నేను పనిచేసిన చోట గానీ ఒక్క అడుగు పడింది నేను చూడలేదు.

ఊరి సైగలంటే ఏముంటాయి, బొటనవేలు నోటి దగ్గర పెడితే నీళ్లు, వేళ్లు ముడిచి చూపిస్తే అన్నం, అంతే కదా అని చదువుకున్నవాళ్లు చాలామంది అనుకుంటారు. వాళ్లు ఒక్కసారి మా పత్తి చేలల్లోకి రావాలి.

పత్తి ఏరే కూలి మా దగ్గర కిలో లెక్కన ఇస్తారు. పొద్దుగూకేటప్పుడు చేను గట్టున కాంటా వేలాడదీసి ఒక్కొక్కరి మూట తూస్తారు. ఒకసారి మా చిన్నమ్మ మూటలో తడి ఉందని ఆసామి రెండు కిలోలు కోసేశాడు. చిన్నమ్మ మూటలో చెయ్యి పెట్టి గుప్పెడు పత్తి తీసింది. పిడికిట్లో గట్టిగా పిండి, అరచెయ్యి తెరిచి ఆయన ముఖం ముందు పెట్టింది. తర్వాత చెయ్యి చాపి తూర్పున ఉన్న చింతచెట్టు కొన మీదికి చూపించింది. పొద్దు అక్కడికి ఎక్కిన వేళ అని. వేళ్లతో ఆకుల మీది నీళ్లు దులిపినట్టు చేసి, చెయ్యి అడ్డంగా ఊపింది. మంచు ఆరిపోయింది అని. అప్పుడు తన మీద వేలు పెట్టుకుని, రెండు వేళ్లను చేను వైపు నడిపించింది. మంచు ఆరినాకనే నేను చేలోకి దిగిన అని. చివరికి చెవి పక్కన పోగు తిప్పినట్టు చేసింది. అది ఆ ఆసామి పేరు. వాళ్ల నాయన చెవులకు పోగులు పెట్టుకునేవాడు, ఆ ఇంటివాళ్లందరికీ అదే గుర్తు. పోగు తిప్పి, అబద్ధం అని సైగ చేసింది. ఆసామి నోటితో కాదు, సైగల్లోనే జవాబిచ్చాడు. మంచు సంగతి కాదు, మధ్యాహ్నం తుంపర పడింది కదా అని. పక్కన నిలబడ్డ ఆడవాళ్లు కల్పించుకున్నారు. వాళ్లవీ చేతులే. తుంపర పడింది కాలువ అవతల, ఇవతల పడలేదు అని చేతులతోనే దిక్కులు చూపించారు. ఆఖరికి ఆ రెండు కిలోలు కలిపి లెక్క కట్టారు.

మీరే చెప్పండి, ఆ మాటల్లో లేనిదేమిటి? ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగిందన్న వరుస ఉంది. వేళ ఉంది, మనిషి పేరు ఉంది, అవతలి మనిషి వాదన ఉంది, దానికి సాక్ష్యంతో సమాధానం ఉంది. ఆ గట్టు మీద చెవులు వినపడని మనిషి ఒక్కరే, సైగల్లో మాట్లాడినవాళ్లు పది మందికి పైనే. కూలి దక్కింది కూడా అందుకే. చుట్టూ ఉన్నవాళ్లకు సైగలు రాకపోయి ఉంటే మా చిన్నమ్మ ఎంత గింజుకున్నా ఆ రెండు కిలోలు పోయేవి.

ఇట్లాంటి సైగలు మా ఊళ్లో చాలా ఉన్నాయి. నెత్తి మీద బెల్లం ముద్ద ఎత్తుకున్నట్టు రెండు చేతులు పెడితే మేడారం జాతర. వంగి చప్పట్లు కొడుతూ మెల్లగా తిరిగితే బతుకమ్మ, దాంతోపాటే ఆ నెల కూడా. బొటనవేలితో చూపుడువేలి మీద ఆకు చుట్టినట్టు చేస్తే బీడీ, ఆ సైగనే రెండుసార్లు చేసి ఉత్తరం దిక్కు చూపిస్తే జగిత్యాలలో ఉండే మా మేనత్త వాళ్లు. చెయ్యి విమానం లేచినట్టు పైకి పోయి, భుజం మీద పెద్ద పెట్టె దించినట్టు చేస్తే దుబాయ్ నుంచి వచ్చినవాళ్లు. సర్పంచ్ అంటే కండువా భుజం మీదికి విసిరినట్టు. ఎన్నో ఏండ్ల కిందటి ఒక సర్పంచ్ అలవాటు అది. తర్వాత ఆడవాళ్లు సర్పంచులయ్యారు, వాళ్లకూ అదే సైగ నిలిచిపోయింది. అంటే ఆ సైగ ఇప్పుడు ఒక మనిషి అలవాటును చూపించడం లేదు, ఒక పదవిని చెబుతోంది. నోటి మాటల్లో ఒక మాట పుట్టి ఎట్లా స్థిరపడుతుందో ఇదీ అట్లనే స్థిరపడింది.

అయితే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. మా ఊళ్లో చెవులు వినపడనివాళ్లు కొద్దిమందే. భాషావేత్తలు మా సైగలను ఇంటి సైగలు అనవచ్చు, పూర్తి భాష అనకపోవచ్చు. పూర్తి స్థాయి ఊరి సంజ్ఞా భాష పుట్టాలంటే ఒకే చోట, ఒకటి రెండు తరాల పాటు, చాలామంది బధిరులు పుట్టాలి. వాళ్లు వేరే వాడలో కాక అందరి మధ్య బతకాలి. ప్రపంచంలో అట్లాంటి ఊళ్లు ఉన్నాయి. వాటి సంగతి ఇక్కడ రాయడానికి కారణం ఉంది. సైగలు చెవిటివాళ్ల వ్యవహారం అనే మాటను అవి తప్పని తేల్చాయి.

ఇండోనేసియాలోని బాలి దీవిలో బెంగ్‌కాలా అనే ఊరుంది. రెండు వేల పైచిలుకు జనాభాలో నలభై మంది దాకా బధిరులు. అక్కడి సంజ్ఞా భాష పేరు కాటా కోలోక్. చాలా తరాలుగా నడుస్తోంది. ఊళ్లో వినేవాళ్లలో సగానికి పైగా ఎంతో కొంత ఆ భాషలో మాట్లాడగలరు. ఆ భాషలో వేళ చెప్పాలంటే ఆకాశంలో పొద్దు ఉండే చోటు చూపిస్తారు. మనిషి గురించి, పొలం గురించి చెప్పాలంటే అవి నిజంగా ఉన్న దిక్కుకే వేలు చాపుతారు. చింతచెట్టు కొన మీద పొద్దును చూపించిన మా చిన్నమ్మకు బాలి ఎక్కడుందో తెలియదు. ఒకే చోట పుట్టి, ఒకే నేల మీద పనిచేసేవాళ్ల మధ్య సైగలు అట్లా రూపం కడతాయన్నమాట. ఆ ఊరి బడిలో బధిర పిల్లలకు పాఠాలు కాటా కోలోక్‌లో చెప్పిన సంగతి మీరు ప్రత్యేకంగా గమనించాలి.

అమెరికాలో మసాచుసెట్స్ తీరాన మార్తాస్ విన్యార్డ్ అనే దీవిలో 17వ శతాబ్దం చివరి నుంచి 20వ శతాబ్దం దాకా వంశపారంపర్యంగా బధిరులు పుట్టారు. చిల్మార్క్ అనే ఊళ్లో ఒక కాలంలో ప్రతి 25 మందిలో ఒకరికి చెవులు వినపడేవి కావు. ఊరంతా సైగలు నేర్చుకుంది. చేపల పడవల మీద, చర్చిలో, అంగడిలో అందరివీ సైగలే. వినేవాళ్లు కూడా దూరాన ఉన్న పడవ వాడితో మాట్లాడటానికి సైగలే వాడేవారు. 1970ల చివర్లో ఒక పరిశోధకురాలు అక్కడి ముసలివాళ్ల దగ్గర కూర్చుని పాత మనుషుల గురించి అడిగింది. ఫలానా వ్యక్తి ఎట్లాంటివాడంటే మంచి జాలరి అని చెప్పారట. ఆయనకు చెవులు వినపడవు కదా అని గుర్తుచేస్తే గానీ ఆ సంగతి వాళ్ల నోట రాలేదు. మన ఊళ్లలో మనిషికి పేరున్నా, మంచి పనిమంతుడైనా, ముందు నోట్లోంచి వచ్చేది వినపడకపోవడమే. ఆ తేడా నాకు చాలా పెద్దదిగా కనపడుతుంది.

ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో అల్ సయ్యద్ అనే బెదూయిన్ ఊరు ఉంది. సుమారు 3,500 మందిలో దాదాపు 150 మంది బధిరులు. 1930ల్లో పుట్టిన మొదటి తరం బధిరుల నుంచి అక్కడ ఒక కొత్త భాష తయారైంది. 2005లో భాషావేత్తలు ప్రకటించిన సంగతి ఏమిటంటే, ఆ సైగల్లో వాక్యం కర్త, కర్మ, క్రియ అనే వరుసలో నడుస్తుంది. చుట్టుపక్కల మాట్లాడే అరబిక్‌లో గానీ హీబ్రూలో గానీ ఆ వరుస లేదు. అంటే నోటి భాషను చూసి నకలు చేసింది కాదు, వాళ్లలో వాళ్లే కట్టుకున్న వ్యాకరణం. మన తెలుగు వాక్యం కూడా అదే వరుసలో నడుస్తుందని చదివినప్పుడు నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది.

ఇంత దూరం పోనవసరం కూడా లేదు. మన పక్క రాష్ట్రం కర్ణాటకలో గౌరిబిదనూరు దగ్గర అలీపుర్ ఉంది. షియా ముస్లింల ఊరు. తరతరాలుగా దగ్గరి చుట్టరికాల్లోనే పెళ్లిళ్లు. అక్కడ వంద మందికి పైగా బధిరులు, వాళ్లకంటూ ఒక సంజ్ఞా భాష. భారతీయ సంజ్ఞా భాషకు అది వేరు. తానూ బధిరుడే అయిన భాషావేత్త శిబాజీ పండా దాన్ని అధ్యయనం చేశారు. జమ్మూలోని డోడా జిల్లాలో ధడ్కాయ్ అనే గుజ్జర్ల ఊరు కూడా ఇట్లాంటిదే.

చుట్టరికపు పెళ్లిళ్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇక్కడొక మాట చెప్పి ముందుకు పోతాను. మనకూ మేనరికాలున్నాయి. బధిరత్వాన్ని తెచ్చే జన్యు మార్పు చాలాసార్లు తల్లి నుంచీ తండ్రి నుంచీ ఇద్దరి నుంచీ వస్తేనే బిడ్డలో బయటపడుతుంది. అందుకే వినే తల్లిదండ్రులకు వినపడని పిల్లలు పుడతారు, మేనరికాల్లో ఆ అవకాశం పెరుగుతుంది. ఈ విషయం ఆశా కార్యకర్తలు పెళ్లికి ముందే, మర్యాదగా చెప్పాలి. కానీ పుట్టిన బిడ్డ ముందు, ఆ తల్లి ముందు మేనరికం మాట ఎత్తడం వల్ల ఎవరికీ మేలు లేదు. మీ సర్వేలకు వచ్చేవాళ్లు ఇంట్లోకి అడుగు పెట్టగానే అదే అడుగుతున్నారు. తల్లి తల దించుకుంటుంది, ఆ తర్వాత ఏం అడిగినా నిజం చెప్పదు. బెంగ్‌కాలా ఊరివాళ్ల సహకారంతో శాస్త్రవేత్తలు 1990ల్లో బధిరత్వానికి సంబంధించిన ఒక జన్యువును కనిపెట్టారు. ఆ ఊరు ఆ తర్వాత కూడా తన సైగలను వదులుకోలేదు. రెండూ పక్కపక్కనే సాగవచ్చు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇట్లాంటి ఊరి సంజ్ఞా భాషలు చాలా చోట్ల తగ్గిపోతున్నాయి. సగం కారణం బడి. మార్తాస్ విన్యార్డ్ పిల్లలు హార్ట్‌ఫర్డ్‌లో 1817లో పెట్టిన బధిర పాఠశాలకు పోయారు, అక్కడి సైగలు నేర్చుకున్నారు, అక్కడే సంబంధాలు కలుపుకున్నారు. దీవిలో చివరి బధిర వ్యక్తి 1952లో చనిపోయారు, ఆ భాష ఆగిపోయింది. ఘనా దేశంలోని అడమొరోబేలో, థాయిలాండ్‌లోని బాన్ ఖోర్‌లో బడి నుంచి వచ్చిన పెద్ద సంజ్ఞా భాష ఊరి భాషను పక్కకు నెడుతోంది. ఆ బడుల వల్ల పిల్లలకు చదువు వచ్చింది, ఉద్యోగాలు వచ్చాయి. దాన్ని నేను తక్కువ చేయను. కానీ ప్రతి చోటా జరిగింది ఏమిటంటే, బడి వాళ్లు ఊరిని అడగలేదు. పిల్లను తీసుకుపోయి కొత్త భాష ఇచ్చి పంపారు. ఊరికి ఆ భాష ఇవ్వలేదు.

మా దగ్గరా అదే జరుగుతోంది. మా బడి ఉన్న ఊళ్లో ఒక పిల్లవాడిని పట్నంలోని బధిరుల హాస్టల్ బడిలో చేర్పించారు. అంతకుముందు వాడికి నానమ్మే లోకం. ఆమెకూ వాడికీ మధ్య వాళ్లు చేసుకున్న సైగలు బోలెడు. మేకలను ఏ దిక్కుకు తోలాలి, ఏ మేక ఈనింది, ఎవరింట్లో చావు జరిగింది, అన్నీ మాట్లాడుకునేవాళ్లు. దసరా సెలవులకు వచ్చినప్పుడు వాడి చేతులు వేగంగా ఆడుతున్నాయి, ముఖం వెలిగిపోతోంది. అక్షరాలు వేళ్లతో చూపిస్తున్నాడు. నానమ్మకు ఒక్కటీ అర్థం కాలేదు. ఆమె తన పాత సైగ చేస్తే వాడు వద్దని తల అడ్డంగా ఊపి, కొత్తది చేసి చూపించాడు. హాస్టల్లో వాడి పాత సైగలను తప్పని చెప్పారని తర్వాత తెలిసింది. ఆ ముసలామె నా దగ్గరికొచ్చి, 'టీచరమ్మా, పిలగాడు చదువుకుంటుండు, నాకు సంతోషమే. కానీ నాతోని మాట్లాడుతలేడు' అన్నది.

వాడు ఊళ్లో ఉన్నన్ని రోజులు మా పిల్లలతో కలిపి కూర్చోబెట్టి, వాడితోనే కొత్త సైగలు నేర్పించాను. మా పిల్లలు ఊరి సైగ చేస్తారు, వాడు దానికి బడి సైగ చూపిస్తాడు. నీళ్లు, మేక, వాన, అన్న, కోపం, రేపు. నాలుగో తరగతి పిల్లలు రెండూ పట్టేశారు. సాయంత్రం వాళ్లలో ఇద్దరు ముగ్గురు నానమ్మ ఇంటికి పోయి మధ్యలో కూర్చునేవాళ్లు. పెద్ద శిక్షణ, పైసా ఖర్చు లేకుండా జరిగిన పని ఇది. ఇంతకంటే బాగా, ఇంతకంటే క్రమంగా మీరు చేయించగలరు. నేను చెప్పేదల్లా దాన్ని ఒక పద్ధతిగా పెట్టమని.

'ఇది భాషే కాదు కదా, దీన్నెందుకు పట్టించుకోవాలి' అని ఒక సమావేశంలో నన్ను అడిగారు. 1970ల చివర్లో నికరాగువా దేశంలో మనాగువా నగరంలో బధిరుల బడులు పెట్టినప్పుడు, పిల్లలు తలా ఒక రకం ఇంటి సైగలతో వచ్చారు. టీచర్లు నేర్పింది పెదాలు చదవడం, స్పానిష్ మాటలు పలకడం. పిల్లలు మాత్రం ఆటస్థలంలో, బస్సులో తమ ఇంటి సైగలన్నీ కలిపి ఒక పూర్తి కొత్త భాషను తయారు చేశారు. ఆ తర్వాత చేరిన చిన్న పిల్లలు దానికి ఇంకా చక్కటి వ్యాకరణం ఇచ్చారు. భాషావేత్తలు కళ్లారా చూసిన సంగతి అది. ఇంటి సైగలు పనికిరానివైతే ఆ భాష ఎక్కడి నుంచి వచ్చింది? విత్తనాన్ని చూసి ఇది చెట్టు కాదనడం రైతు బిడ్డలు చేసే పని కాదు.

ఇంకా ప్రమాదకరమైనది మరొకటి ఉంది. సైగలు చేస్తే పిల్లకు మాటలు రావు, ఇంట్లో ఎవరూ సైగలు చేయవద్దు అనే సలహా. నా దగ్గర చదివిన ఒక పాప తల్లికి ఒక చోట ఇట్లనే చెప్పారు. ఆ తల్లి ఇంటికొచ్చి బంధువులందరి చేతులూ ఆపించింది. చెవికి వినికిడి మిషన్ పెట్టించారు, స్పీచ్ థెరపీకి తిప్పారు. మాటలు అనుకున్నంత రాలేదు, ఉన్న సైగలూ పోయాయి. పాపకు ఆరేండ్లు వచ్చేసరికి కడుపు నొప్పి అని చెప్పడానికి కూడా దారి లేక కొట్టుకుని ఏడ్చేది. 1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిర విద్య మీద జరిగిన అంతర్జాతీయ మహాసభ సైగలు వద్దు, నోటి మాటే నేర్పాలని తీర్మానించింది. ప్రపంచమంతటా బడుల్లో పిల్లల చేతులు కట్టేయించిన తీర్మానం అది. 2010లో వాంకూవర్‌లో జరిగిన అదే వరుస మహాసభ ఆ తీర్మానాలను తిరస్కరించి విచారం తెలిపింది. 130 ఏండ్లు పట్టింది. అయినా ఆ సలహా మన పల్లెటూరి తల్లుల దాకా ఇంకా వస్తూనే ఉంది. ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంట్ (చెవి లోపల అమర్చే వినికిడి పరికరం) చేయించుకున్న పిల్లలకు కూడా ఆపరేషన్‌కు ముందు, ఆ తర్వాత మాట తేరుకునే దాకా ఏదో ఒక భాష చేతిలో ఉండాలి కదా. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మీరు నడిపే భవిత కేంద్రాల్లో పనిచేసేవాళ్లకు, అంగన్‌వాడీ టీచర్లకు ఈ ఒక్క విషయంలో రాతపూర్వకంగా స్పష్టమైన ఆదేశం ఇవ్వండి: ఇంట్లో సైగలు ఆపమని ఏ తల్లికీ చెప్పకూడదని.

బధిర పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా వినే తల్లిదండ్రులకే పుడతారు. అంటే పిల్లకు మొదటి భాష ఇవ్వాల్సింది వినేవాళ్లే. మీ శిక్షణలన్నీ పిల్లకూ ప్రత్యేక టీచర్‌కూ మధ్యనే తిరుగుతుంటే, ఇంటికి పోయాక ఆ పిల్ల ఎవరితో మాట్లాడాలి?

చట్టం మీకు చాలినంత బలం ఇచ్చింది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ బధిరులకు వారికి అన్నిటికంటే తగిన భాషలో చదువు అందాలంటోంది. 17వ సెక్షన్ సంజ్ఞా భాషలో అర్హత ఉన్న టీచర్లను, వాళ్లలో దివ్యాంగులను కూడా, తయారు చేసి నియమించాలంటోంది. కోర్టుల సంగతి చూస్తే, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 125వ సెక్షన్ ప్రకారం మాట్లాడలేని సాక్షి కోర్టులో సైగలతో చెప్పింది నోటి సాక్ష్యంతో సమానం. దుబాసీ సాయం తీసుకోవాలి, వీడియో తీయాలి. బడి ముఖం చూడని యాభై ఏండ్ల మనిషి పరకాల కోర్టులో నిలబడితే, ఢిల్లీ నిఘంటువు నేర్చుకుని వచ్చిన దుబాసీకి ఆమె ఊరి సైగలు తెలియవు. ఆమె వాడకట్టు మనిషికే తెలుస్తాయి. అట్లాంటి వాళ్ల పేర్లు ముందే గుర్తించి, ఊరికొకరిని, శిక్షణ పొందిన దుబాసీకి తోడుగా నిలబెట్టే ఏర్పాటు ఉండాలి. దవాఖానలోనూ బ్యాంకులోనూ ఇదే అవసరం. మా చిన్నమ్మను ఒక బ్యాంకులో వేలిముద్ర వేయించుకుని, ఏ కాగితం మీద వేసిందో చెప్పకుండా పంపించారు. నేను పోయి అడిగితే 'ఆమెకు చెప్పినా అర్థం కాదు కదమ్మా' అన్నారు. రెండు కిలోల పత్తి కోసం ఆమె వాదించిన తీరు చూసినవాళ్లెవరూ ఆ మాట అనలేరు.

నేను కోరే పని పెద్ద బడ్జెట్‌తో కూడింది కాదు. దివ్యాంగుల గుర్తింపు కార్డుల వివరాలు, ఆసరా పింఛన్ల జాబితాలు మీ దగ్గర ఉన్నాయి. ఏ ఊళ్లో, ఏ కుటుంబాల్లో ఒకరికంటే ఎక్కువ మంది బధిరులున్నారో వాటిలోంచే తెలుస్తుంది. అట్లాంటి ఊళ్లకు ముందు పోవాలి. పోయేవాళ్లు భవిత కేంద్రం రిసోర్స్ పర్సన్, భారతీయ సంజ్ఞా భాష తెలిసిన ఒక బధిర వ్యక్తి, ఇద్దరూ కలిసి పోవాలి. బధిర వ్యక్తి లేకుండా పోతే సగం సైగలు కంట పడవు. ఈ మాట నేను గట్టిగా చెబుతున్నాను. ఊరివాళ్లను అడిగి, ఒప్పుకున్నవాళ్లనే వీడియో తీయాలి. ఆ వీడియోలు ఆ ఊరి సొత్తుగా ఉండాలి. ఎవరో వాటిని ఇంటర్నెట్‌లో వింతగా పెట్టుకోవడానికి ఇవ్వకూడదు. భాషా పరిశోధన చేసేవాళ్లు మనకు దగ్గర్లోనే ఉన్నారు. కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది, హైదరాబాద్‌లో తెలుగు విశ్వవిద్యాలయం, ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ఉన్నాయి. వాళ్ల విద్యార్థులకు ఇది గొప్ప పని. ఒక్కో భాషా పరిశోధకుడు జీవితంలో ఒక్కసారైనా చూడాలనుకునేది మన చేలల్లో ఉంది.

తర్వాత బడి. బధిర పిల్ల చేరిన ప్రతి ప్రాథమిక పాఠశాలలో, ఆ తరగతి మొత్తానికి ప్రార్థన అయ్యాక పది నిమిషాలు సైగలు నేర్పాలి. ఊరి సైగ ముందు, దాని పక్కనే భారతీయ సంజ్ఞా భాషలోది. నేర్పేది ఊళ్లోని బధిర పెద్దలే కావాలి, దానికి గౌరవ వేతనం ఇవ్వాలి. పత్తి కూలి పోగొట్టుకుని ఎవరూ ఊరికే రాలేరు. హాస్టల్ బడులకు పోయే పిల్లల విషయంలో, సెలవులకు పంపేముందు ఇంటివాళ్లను పిలిచి రెండు మూడు రోజులు కూర్చోబెట్టి పిల్ల నేర్చుకున్నవి నేర్పించాలి. పిల్ల తెచ్చిన ఇంటి సైగను తప్పని కొట్టేయకూడదు. గ్రామసభలో బధిరులు కూర్చునే చోట ఒక సైగలు తెలిసిన మనిషి నిలబడాలని పంచాయతీలకు చెప్పడానికి కలెక్టర్ గారి ఒక్క ఉత్తరం చాలు.

ఒక విషయంలో తొందర పడమని ప్రాధేయపడుతున్నాను. మా చిన్నమ్మ వయసు వాళ్లతో సైగల్లో మాట్లాడేవాళ్లు ఊళ్లల్లో తగ్గిపోతున్నారు. ఆమెతో కలిసి నాట్లు వేసినవాళ్లు కొందరు పోయారు. కొందరు పిల్లల వెంట హైదరాబాద్‌కు పోయారు. కొత్తగా కోడళ్లై వచ్చినవాళ్లు ఫోన్లలో ఉంటారు, సైగలు నేర్చుకునేంత సేపు ఎవరి పక్కనా కూర్చోరు. ఒకప్పుడు వాడకట్టంతా మాట్లాడిన మనిషితో ఇప్పుడు మాట్లాడేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ఆమెకు భారతీయ సంజ్ఞా భాష నేర్పేవాళ్లు ఎవరూ రాలేదు. ఉన్న సైగలు అర్థం చేసుకునేవాళ్లు కూడా లేకుండా పోతే ఆమెలాంటివాళ్లు ఊరి నడుమ ఉండి కూడా ఒంటరులవుతారు. పదేండ్ల తర్వాత చేద్దామంటే చూపించేవాళ్లు ఉండరు.

జూన్ 12న బడులు తెరుచుకుంటాయి. అంతకంటే ముందే ఏదో ఒక మండలంలో ఈ పని మొదలుపెట్టండి. పరకాల నుంచే మొదలుపెడతామంటే మా ఊళ్లో అడిగి పెట్టాను. మా చిన్నమ్మ వీడియోకు ఒప్పుకుంది, ఆ రోజు కూలి కట్టివ్వాలని మాత్రం అన్నది. అది న్యాయమే. వేసవి సెలవుల్లో నేనూ, మా బడిలో సైగలు నేర్చుకున్న పిల్లల తల్లిదండ్రులూ తోడు వస్తాం. మీ తరఫున ఎవరు వస్తారో, ఏ వారం వస్తారో మండల విద్యాధికారి ద్వారా తెలియజేస్తే ఊళ్లో ముందే చెప్పి ఉంచుతాను.

ఇట్లు,
ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు,
హనుమకొండ జిల్లా